మేడమీద సారుకి కింద ఒక కుర్చీ

ఈ సభను నడిపిస్తున్న డైరెక్టరు గారికి, ఆయన పక్కన కూర్చుని ఇంతసేపూ ఒక్కసారి కూడా గడియారం వంక చూడని పెద్ద డాక్టరు గారికి, కొలతల గది వాళ్లకి, పోత గది వాళ్లకి, అమరిక గది వాళ్లకి, ఈ కృత్రిమ అవయవాల కేంద్రంలో చేసిన కాళ్ల మీద నడిచి వచ్చి ముందు వరుసలో కూర్చున్న అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ, చోటు చాలక గుమ్మంలోనే నిలబడిపోయిన వాళ్లకీ, మీ అందరికీ ఓ ముసలి బస్సు కండక్టరు చేతులెత్తి నమస్కారం పెడుతున్నాడు.

నేను చదివింది అయిదో తరగతి, అది కూడా మా పంతులుగారి జాలి వల్ల. మైకు ముందు నిలబడటం ఇదే మొదలు. నా ఉద్యోగంలో నాకో విజిలు, ఓ తోలుసంచి ఇచ్చారు, గొంతు మాత్రం నేనే తెచ్చుకున్నాను. అందుకని నేను మరీ గట్టిగా మాట్లాడితే మైకు అబ్బాయి కాస్త తగ్గించుకోవాలి గానీ నన్ను తగ్గమంటే నావల్ల కాదు. (నవ్వులు)

తండ్రి రిటైరయితే కొడుకులు మాట్లాడటం నేను చాలాచోట్ల చూశాను. కొడుకు రిటైరయితే తండ్రి లేచి మాట్లాడటం మీలో ఎవరైనా చూశారా? చూసుండరు. ఆ రోజు దాకా తండ్రి ఉండాలి గదా. నేనున్నాను. చెవులు కొంచెం మొండికేస్తున్నాయి, మోకాళ్లు మెట్లెక్కేటప్పుడు తిడుతున్నాయి, అయినా ఉన్నాను, పొద్దున్నే లేచి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మావాడికంటే ముందే తయారై కూర్చున్నాను. ఈ ఆనందం ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదండీ. హాలు నిండింది చూడండి. అమరిక గదిలోంచి కుర్చీలు తెప్పించారు, అవీ చాల్లేదు. పొద్దున మావాడు నాతో ఏమన్నాడో తెలుసా? "నువ్వు రానక్కర్లేదు నాన్నా, పదిమంది కూడా రారు. టీ తాగి వచ్చేస్తాను" అన్నాడు. ఒరే నాన్నా, లెక్కపెట్టుకో ఇప్పుడు.

వాడు వేదిక ఎక్కనని మొండికేశాడు. అదిగో, చివరి వరుసలో, తలుపు పక్కన, ఎవరైనా లోపలికి వస్తే ముందు వాడి కాలే తొక్కుతారు, అక్కడ కూర్చున్నాడు. తల వంచుకుని బూట్లు చూసుకుంటున్నాడు. ఇంట్లో కూడా ఇంతే, ఎవరైనా పొగిడితే బూట్లు చూసుకుంటాడు. ఇంట్లో చెప్పులనుకోండి. (నవ్వులు)

ఇప్పుడు అసలు సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే ముసలివాణ్ణి, మాటల్లో పడి మర్చిపోతాను. సభ మొదలవకముందు డైరెక్టరు గారు నన్ను మేడమీదికి తీసుకెళ్లి టీ ఇప్పించారు. అక్కడ ఒక మాట చెప్పారు. కింద కొత్తగా రెండు గదులు కడుతున్నారట, వాటిల్లోకి కొత్తవాళ్లు వస్తారట, వాళ్లకి ఈ కంప్యూటర్ల సంగతులన్నీ నేర్పడానికి మావాణ్ణి వారానికి రెండు రోజులు రమ్మని అడిగారట. మావాడు రానన్నాడట. "ఇంట్లో మా నాన్న ఒక్కడే ఉంటాడు సార్" అన్నాడట. నాకీ సంగతి తెలియదు. నాతో చెప్పలేదు. డైరెక్టరు గారు మంచి మనసుతో, నేను సంతోషిస్తానని చెప్పారు. నేను సంతోషించాను కూడా. టీ అంతా తాగాక, కప్పు కింద పెట్టాక, అప్పుడు నాకు ఇంకోలా అనిపించింది. ఆ ఇంకోలా అనిపించిందేమిటో చెప్పడానికే ఈ మైకు పట్టుకున్నాను. నేను దిగేలోపు వాడి చేత సరే అనిపించాలి. అదీ నా పని.

ఆ మేడగది మీలో ఎంతమంది చూశారు? చేతులెత్తమని అడగను, నాకే ఇబ్బందిగా ఉంటుంది. నేనూ ఇన్నేళ్లలో ఇవాళే చూశాను. సన్నటి గది. కిటికీ ఉంది, దానికెదురుగా నీళ్ల ట్యాంకు గోడ. కంప్యూటర్లు మూలుగుతున్నాయి. ఒక బల్ల, ఒక ఫోను, ఒక కుర్చీ. నేను కూర్చోవాలంటే కింద నుంచి ఇంకో కుర్చీ మోసుకు రావాల్సి వచ్చింది. రెండో మనిషి వచ్చి కూర్చుంటాడని ఆ గదిలో ఎవరూ ఎన్నడూ అనుకోలేదన్నమాట. నేనైతే బస్సులో బతికినవాణ్ణి. నిలబడటానికి చోటు లేని చోట, ఒకరి మోచెయ్యి నా డొక్కలో, ఇంకొకరి బుట్ట నా కాలి మీద, అలా గడిచింది నా జీవితం. నా కడుపున పుట్టినవాడు అలాంటి గదిలో తల నెరిసేదాకా ఎలా కూర్చున్నాడా అని ఆ కుర్చీ చేతులు తడిమి చూశాను.

(ఆగి)

సరే. వాడి పని గురించి చెప్పకుండా వాణ్ణి పంపిస్తే అన్యాయం. మీకు తెలిసిందే అయినా, ముందు వరుసలో వాళ్లకీ, డాక్టరు గారికీ తెలియదు గదా. వాడు నాకు ఎలా చెప్పాడో అలాగే చెబుతాను.

మావాడి చిన్నప్పుడు మేం చాలా వాటాలున్న ఒక పెద్ద ఇంట్లో అద్దెకుండేవాళ్లం. అందరికీ కలిపి ఒకటే స్నానాల గది. దానికి గొళ్లెం లేదు. ఇంటాయన్ని అడిగితే వచ్చే నెల అనేవాడు, ఆయన పోయేదాకా ఆ వచ్చే నెల రాలేదు. అందుకని మాలో మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. లోపలికి వెళ్లేవాళ్లు తలుపు మీద తువ్వాలు వేయాలి. తువ్వాలు ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు. ఎవరూ ఎవర్నీ ఆపేదేం లేదు, తోస్తే తలుపు తెరుచుకుంటుంది, కాకపోతే అందరూ మర్యాద పాటిస్తారు. చాలాకాలం బాగా జరిగింది. తర్వాత వెనకవైపు కొత్త వాటాలు కట్టి, వాళ్ల కోసం అదే గదికి వెనకనుంచి ఇంకో తలుపు పెట్టాడు ఇంటాయన. ఇక చూసుకోండి. ముందు తలుపు మీద వేసిన తువ్వాలు వెనక వాళ్లకి కనిపించదు. వాళ్ల తువ్వాలు మాకు కనిపించదు. ఒకరోజు లెక్కల మాష్టారు ఒంటికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకుని పాట పాడుకుంటుంటే వెనకనుంచి మా అత్తగారు బిందె పట్టుకుని... (నవ్వులు) వద్దులెండి, ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆ తర్వాత ఆయన మా ఇంటి ముందునుంచి నడవడమే మానేశాడు. (నవ్వులు)

ఇంకో తమాషా. ఒకాయన స్నానం చేసి, తువ్వాలు తలుపు మీదే మర్చిపోయి ఆఫీసుకు వెళ్లిపోయాడు. లోపల ఎవరూ లేరు. బయట ఏడుగురో ఎనిమిది మందో బకెట్లు పట్టుకుని నిలబడి, ఈయనకి ఇవాళ ఏమొచ్చిందిరా బాబూ అని గొణుక్కుంటూ ఎండెక్కేదాకా ఆగారు.

ఈ కేంద్రంలో జరిగిందీ అదేనండీ, అచ్చంగా అదే. ఇక్కడికి వచ్చిన ప్రతి మనిషి కాలు కొలతలూ, చెయ్యి కొలతలూ అన్నీ ఒకే ఒక్క ఫైల్లో ఉంటాయి. ఆ ఫైలుకి కాపలా ఉండే మనిషంటూ వేరే లేడు. ఏ గదిలో ప్రోగ్రాం ఆ గదిలోంచే నేరుగా ఫైలు తెరిచి రాసేస్తుంది. మొదట్లో కొలతల గదిలో ఒక్క కంప్యూటరే ఉండేది, ఫైలూ అందులోనే ఉండేది. ఒక తలుపు, ఒక తువ్వాలు. ఏ గొడవా లేదు. తర్వాత మూడు గదుల్లోనూ కనబడాలన్నారు. అప్పుడు మావాడు ఆ ఫైలుని తీసుకెళ్లి స్టోరు గదిలో, అందరికీ వైరు వేసిన ఒక డిస్కులో పెట్టాడు. అందరూ అలాగే చేసేవాళ్లట ఆ రోజుల్లో. మామూలుగా ఒక గదిలో రాస్తుంటే, ఆగండి, లోపల మనిషి ఉన్నాడు అని మిగతా గదులకి తెలియాలి. ఒకే కంప్యూటరైతే ఆ కబురు తప్పకుండా అందుతుంది. వైరు మీద ఎక్కడో ఉన్న డిస్కయ్యేసరికి, ఆ కబురు ఒక్కోసారి అందుతుంది, ఒక్కోసారి అందదు, ఒక్కోసారి ఇద్దరు అడిగితే ఇద్దరికీ, రండి, లోపల ఎవరూ లేరు అని చెబుతుంది. పైగా ఒక్కో కంప్యూటరు తను ఇందాక చూసిందే ఇప్పటిది కూడా అనుకుని దాని మీదే రాసేస్తుందట. రోజూ జరిగితే పట్టుకోవచ్చు. వారాల తరబడి ఏమీ ఉండదు, అమ్మయ్య అనుకోగానే వస్తుంది. మావాడు వైర్లు మార్చాడు, డిస్కు మార్చాడు, దాని మీటలన్నీ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తగ్గింది గానీ పోలేదు.

అప్పుడు వచ్చాడండీ మన వడ్రంగి. అదిగో, ముందు వరుసలో, ఇప్పుడే నవ్వుతున్నాడు చూడండి. తాటిచెట్టంత మనిషి. కొత్త కాలు తొడిగి నిలబెడితే ఓ పక్కకి ఒరిగిపోయాడు. అందరూ కంగారు పడుతుంటే ఈయన నిదానంగా బెంచీ మీద కూర్చుని ఏమన్నాడట? నువ్వే చెప్పు నాయనా.

(సభలోంచి: "ఇది నా కాలు కాదండీ, ఎవరో పొట్టాయనది. ఆయన నాది తొడుక్కుని ఎక్కడో పొడుగ్గా తిరుగుతుంటాడు, పిలిపించండి అన్నా." నవ్వులు)

మీరు నవ్వారు, ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. ఇద్దరు ఒకేసారి రాసినందువల్ల ఫైలు లోపల చిందరవందరైపోయి, ఈయన పేరు కింద ఇంకొకరి కొలత వచ్చి కూర్చుంది. ఆ సంగతి ఎవరికి తెలుసు? కొలిచిందెవరు అన్నారు. కొలతల గదిలో అమ్మ. మీరందరూ కొలతలమ్మ అని పిలిచే ఆవిడే. ఇన్నేళ్ల అనుభవం ఉండి ఇదేం పని అన్నారట. ఇంటికి పంపించేద్దామన్నారట. అప్పటి డైరెక్టరు గారు వేరే లెండి, మీరు అటు చూడకండి. (నవ్వులు) ఆవిడ తన టేపు తీసుకుని అదే కాలు మళ్లీ మళ్లీ కొలిచి చూపించిందట, నేను సరిగ్గానే రాశానండీ, నేను సరిగ్గానే రాశాను అంటూ. నమ్మేవాళ్లెవరు?

మావాడు నోట్లో నాలుక లేని మనిషి. రేషన్ షాపులో వెనకవాణ్ణి ముందుకు పంపించి ఇంటికి ఖాళీ సంచితో వచ్చే రకం. అలాంటివాడు మేడ దిగి, డైరెక్టరు గారి గదిలోకి వెళ్లి, అందరి ముందూ, "ఆవిడ సరిగ్గానే కొలిచింది. సరిగ్గానే రాసింది. ఫైలుని ఆ డిస్కులో పెట్టింది నేను. తప్పు నాది. పంపిస్తే నన్ను పంపించండి" అన్నాడు. ఈ మాట కూడా వాడు నాకు చెప్పలేదండీ. ఇవాళ గుమ్మం దగ్గర నేను కూర్చోవడానికి కుర్చీ జరిపిన పోత గది పెద్దమనిషి చెప్పాడు, సుద్దబాబాయ్ అంటారు ఆయన్ని, ఒంటినిండా ఎప్పుడూ అచ్చులు పోసే తెల్లటి సుద్దే కాబట్టి. బాబాయ్, ఇవాళ స్నానం చేసి వచ్చినట్టున్నావ్, పోల్చుకోలేకపోయాను. (నవ్వులు)

ఎవర్నీ పంపలేదు, మంచిది. అయితే పని ఆగకూడదు గదా. అప్పుడు మావాడు తాత్కాలికంగా ఒక ఏర్పాటు చేశాడు. ఎవరు ఫైల్లో రాయాలన్నా ముందు మేడమీదికి ఫోన్ చెయ్యాలి. "రాస్తున్నా సార్" అనాలి. ఎవరూ రాయడం లేదని చూసుకుని వీడు "రాయండి" అంటాడు. రాశాక మళ్లీ చేసి "అయిపోయింది సార్" అనాలి. "మంచిది" అంటాడు. అప్పుడు ఇంకొకరి వంతు. మా పాత ఇంట్లోనూ చివరికి ఇదే జరిగింది లెండి. రెండు తలుపులూ కనబడేలా మధ్యలో పీట వేసుకుని ఓ పెద్దమ్మ కూర్చునేది, కూరగాయలు తరుక్కుంటూ, ఆగవయ్యా, లోపల మాష్టారున్నారు అని చెప్పేది. "ఇప్పుడు ఆ పెద్దమ్మ ఉద్యోగం నాది నాన్నా" అన్నాడు వాడు నాతో. నవ్వాడు కూడా. వాడు నవ్వడం నేను చూసి ఎంత కాలమైందో.

ఇక్కడ నేను నా సంగతి కొంచెం చెప్పుకోవాలి, ఏమనుకోకండి. మా ఆవిడ పోయాక ఇంట్లో మేమిద్దరం మగాళ్లమే. వాడు పెళ్లి చేసుకోలేదు. అడిగి అడిగి నేనూ మానేశాను. వాడు పొద్దున వెళితే సాయంత్రం వస్తాడు. నేను రిటైరైనప్పటి నుంచీ, అంత మందిలో తిరిగినవాణ్ణి, ఇంట్లో గోడల మధ్య పడ్డాను. పక్కింటి తలుపు చప్పుడైతే లేచి వెళ్లేవాణ్ణి. పాలవాడితో ఆగి మాట్లాడితే, తాతగారూ, పాలు విరిగిపోతాయండీ అనేవాడు. సాయంత్రం వీడొస్తే అన్నం పెట్టుకుని, ఏంట్రా విశేషాలు అంటే, "ఏముంటాయి నాన్నా." అంతే. రెండు కంచాల చప్పుడు.

ఆ ఫోన్ల రోజులు మొదలయ్యాక ఇంటి సంగతే మారిపోయిందండీ. "రాస్తున్నా సార్" అని ఊరుకోరు గదా మనుషులు. రాయడానికి వంతు రావాలి, ఆ వంతొచ్చేదాకా ఫోన్ పట్టుకుని ఏదో ఒకటి మాట్లాడతారు. సాయంత్రం అన్నం కలుపుతూ వాడే మొదలుపెట్టేవాడు. "కొలతలమ్మకి జలుబు పట్టుకుంది నాన్నా, మూడు తుమ్ములు వస్తే గానీ మాట రాదు ఆవిడకి. సుద్దబాబాయ్ కూతురికి ఈత పోటీలో బహుమతి వచ్చింది నాన్నా, ఆయనకి నీళ్లంటే భయం, ఒడ్డున నిలబడి ఏడ్చాడట. అమరిక గదిలో ఒక చిన్న పిల్ల కొత్త కాలు తొడిగించుకుని ముందు దానికి గోళ్లరంగు వేయమందట." నేను మీలో ఒక్కర్ని కూడా చూసిన పాపాన పోలేదు. అయినా మీ ఇళ్లల్లో జ్వరాలొస్తే నాకు నిద్ర పట్టేది కాదు. ఇందాక గుమ్మం దగ్గర ఒకావిడ వరసగా మూడుసార్లు తుమ్మింది. ఏమ్మా, కొలతలమ్మవేనా అన్నాను. అవునండీ, మీకెలా తెలుసు అంది. ఎలా తెలుసంటే ఏం చెప్పను తల్లీ. నువ్వు ఏడాదిన్నర పాటు మా ఇంట్లో అన్నం తిన్నావు.

(మంచినీళ్లు తాగి)

ఒకరోజు అన్నాడు, "నాన్నా, దారి దొరికింది" అని. ఫైలుని ఆ స్టోరు గది డిస్కులోంచి తీసేసి మేడమీద తన కంప్యూటర్లోనే పెడతాడట. దాన్ని ముట్టుకునేది అక్కడే ఉండే ఒకే ఒక్క ప్రోగ్రాం. మూడు గదులూ ఇక ఫైలు జోలికి రావు, ఏం రాయాలో ఆ ప్రోగ్రాంకి చెబుతాయి. అది వచ్చినవాళ్లని వచ్చినట్టు వరసలో నిలబెట్టి, ఒకరి తర్వాత ఒకరిది రాస్తుంది. నిద్రపోని పెద్దమ్మ అన్నమాట. మరి ఫోన్లురా, అన్నాను. ఇక అక్కర్లేదు నాన్నా, అన్నాడు.

ఇంకొన్నాళ్లు ఫోన్లతోనే నడిపించకూడదట్రా, బాగానే ఉంది గదా అన్నాను. నా కోసమే అన్నాను, దాచుకోవడమెందుకు. వాడు నా వంక చూశాడు. అర్థమైంది వాడికి. "ఏదో ఒకరోజు ఎవరో ఒకరు ఫోన్ చెయ్యడం మర్చిపోతారు నాన్నా. మళ్లీ ఎవరి కాలో పొట్టిదవుతుంది. మళ్లీ కొలతలమ్మనే అంటారు" అన్నాడు.

పెట్టేశాడు. ఆ మర్నాడు సాయంత్రం వచ్చి చెప్పులు విడిచి కూర్చున్నాడు. ఏంట్రా విశేషాలు అన్నాను. "ఏం లేవు నాన్నా. బాగా నడుస్తోంది" అన్నాడు. ఆ మరుసటి రోజూ అడిగాను, బాగా నడుస్తోంది నాన్నా. అంతేనండీ. అప్పటి నుంచి ఇవాళ పొద్దుటి దాకా బాగానే నడుస్తోంది. ఇందాక డైరెక్టరు గారు గొప్పగా చెప్పారు, ఇన్నేళ్లలో మళ్లీ ఒక్క కొలత కూడా తారుమారు కాలేదని, అందరూ చప్పట్లు కొట్టారు, నేను అందరికంటే గట్టిగా కొట్టాను. చెయ్యి నొప్పి పెట్టేలా కొట్టాను. ఎందుకంటే ఆ పని బాగా చేస్తే తన ఫోన్ ఇక మోగదని వాడికి తెలుసు. తెలిసే చేశాడు. నా కొడుకండీ వాడు.

(చప్పట్లు)

ఏమ్మా? ఏదో అంటున్నావు, లేచి చెప్పు తల్లీ, నాకు ఇటువైపు చెవి సరిగ్గా వినపడదు.

(సభలోంచి కొలతలమ్మ: "సారు పని అయిపోయింది కదా, ఇక ఆయన్ని విసిగించకూడదని మేమే మానేశాం నాన్నగారూ. రోజంతా ఫోన్లు చేసి తల తినేశామని, పీడ విరగడైందనుకుంటున్నారేమోనని. ఒకసారి ఊరికే చేద్దామని ఫోను తీశాను. ఏమని చెప్పాలో తోచలేదు. పెట్టేశాను.")

చూశారా. వాడు కూడా నాతో అదే అనేవాడు తల్లీ. ఒకసారి కిందికి వెళ్లి పలకరించి రారా అంటే, "వాళ్లు పనిలో ఉంటారు నాన్నా, ఏమని వెళ్లను" అనేవాడు. ఒక మెట్ల వరస. పైన వీడు, కింద మీరు. ఇక్కడ కూడా నేనే కండక్టర్నయ్యుంటే, అయ్యా, ముందుకు జరగండి, లోపల బోలెడు చోటుంది అని ఒక్క అరుపు అరిచేవాణ్ణి. నేనిక్కడ లేకపోయాను.

అదిగో, కొలతలమ్మ వెళ్లి వాడి పక్కన కూర్చుంది. మంచిపని చేశావమ్మా. మావాడు ఇంకా బూట్లే చూస్తున్నాడు, ఫరవాలేదు, ఆ బూట్ల గురించే అడుగు. (నవ్వులు)

ఇప్పుడు డైరెక్టరు గారితో నా మాట. అయ్యా, మీరు మావాణ్ణి రమ్మన్నారు, వాడు రానన్నాడు, కారణం నేనని చెప్పాడు. నిజం చెప్పాలంటే వాడు రిటైరవుతున్నాడని నేను నెల రోజుల నుంచీ పండగ చేసుకుంటున్నాను. బాల్కనీలో పాత సామానంతా తీయించేశాను. రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశాను. మధ్యలో చిన్న బల్ల. ఇక పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వీడు నాకే అనుకున్నాను. ఇవాళ మేడెక్కి ఆ గది చూశాక, ఆ బాల్కనీలో కూర్చుని మేం ఏం మాట్లాడుకుంటాం అని ఆలోచించాను. నాకు తెలిసిన కబుర్లన్నీ వాడికి చెప్పేశాను. వాడి దగ్గర కొత్తవి లేవు. రెండో రోజు సాయంత్రానికి ఇద్దరం రోడ్డు మీద బస్సులు లెక్కపెట్టుకుంటూ ఉంటాం. పైగా నేనెంత కాలం ఉంటాను? నా తర్వాత ఏంట్రా విశేషాలు అని వాణ్ణి అడిగే మనిషి ఎవరు? అందుకని అడుగుతున్నాను. వాణ్ణి తీసుకోండి. కాకపోతే ఒక్క షరతు. ఆ మేడగది వద్దు. కింద, కొలతల గదిలో, వచ్చేపోయే వాళ్లు తగిలేచోట ఒక కుర్చీ వేయండి. కొత్తవాళ్లకి అక్కడే నేర్పుతాడు.

(డైరెక్టరు: "కొలతల గదిలో చోటు లేదేమో పెద్దాయనా, కిటికీ దగ్గర అల్మరా ఉంది." సభలోంచి సుద్దబాబాయ్: "అల్మరా నేను తీయిస్తాను సార్. అందులో ఉన్నవి నా అచ్చులే." నవ్వులు. డైరెక్టరు: "అయితే సరే.")

విన్నావురా? పెద్దవాళ్లు సరే అన్నారు. నువ్వే మిగిలావు.

(సభలోంచి కొడుకు: "రెండ్రోజులు నువ్వొక్కడివే ఎలా ఉంటావ్ నాన్నా?")

ఇన్నేళ్లూ ఎలా ఉన్నానో అలాగే ఉంటాను.



అరెరె, అందరూ అలా అయిపోయారేంటండీ. నేను వాణ్ణి తప్పుపట్టి అనలేదు. నోరు జారింది, ముసలి నోరు, పళ్లు కూడా లేవు ఆపడానికి. (కొద్దిగా నవ్వులు) నా మాట విను నాన్నా. నువ్వు ఇంట్లో ఉంటే నాకు ఒక్క మనిషి దొరుకుతాడు. నువ్వు ఇక్కడికి వస్తే సాయంత్రానికి ఇంతమంది మనింటికి వస్తారు. ఎవరికి జలుబు చేసింది, ఎవరి పిల్ల ఏ తరగతికి వచ్చింది, వడ్రంగి ఏమన్నాడు, అన్నీ వినాలి నేను. నాకు అన్నం సయించాలంటే అది కావాలి. ఆ రెండు రోజులూ పగలు నాకేమీ తోచదు, నిజమే, తోచకపోతే బాల్కనీలో కూర్చుంటాను. ఎదురుకుర్చీ ఖాళీగా ఉంటే ఏం, సాయంత్రం నువ్వొస్తావని తెలిసిన ఖాళీ అది. నాకు ఫరవాలేదురా. చాలా ఏళ్లుగా నాకు తెలిసిన ఖాళీ అంతకంటే పెద్దది.

తలూపాడు. చూశారా మీరు? నాకు కళ్లు బాగానే ఉన్నాయి, తలూపాడు. కొలతలమ్మా, నువ్వు పక్కనే ఉన్నావు, నువ్వే సాక్షివి.

ఇక ఎక్కువ మాట్లాడను. నన్ను చెయ్యి పట్టుకుని మేడెక్కించిన డైరెక్టరు గారికి, ఓపిగ్గా విన్న పెద్ద డాక్టరు గారికి, కుర్చీలు మోసుకొచ్చినవాళ్లకి, టీలో నేనడిగినంత పంచదార వేసి ఎవరికీ చెప్పనన్న ఆ అమ్మాయికి, తన కాలి కథ అందరి ముందూ చెప్పిన వడ్రంగికి, అల్మరా జరుపుతానన్న బాబాయికి, ఇన్నేళ్లూ నా కొడుకుని మేడమీద సారు అని గౌరవంగా పిలిచిన మీ అందరికీ ఈ ముసలి తండ్రి రుణపడి ఉంటాడు. ఇక మీదట మేడ తీసేసి పిలవండి, ఉత్త సారు చాలు. అది కూడా తీసేసి అన్నయ్యా అని పిలిచినా వాడు పలుకుతాడు, కాకపోతే మొదటిసారికి బూట్లు చూసుకుంటాడు.

అదిగో, లేస్తున్నాడు. నన్ను దింపడానికే వస్తున్నట్టున్నాడు. వద్దురా, లేవకు. మెట్లు మూడే ఉన్నాయి, నేను దిగగలను. ఆవిడ నీకు ఏదో చెబుతోంది, సగంలో ఆపావు, పూర్తిగా విను. కూర్చో నాన్నా, అక్కడే కూర్చో.

అందరికీ నమస్కారం. సెలవు.